‘త్రాహిమాం’ అను మాట

మన సంఘములలో పాటకు కొదువ లేదు. ఆదివారము గంట మ్రోగక మునుపే కంజిర పలుకును, తాళములు లేచును. ఇప్పుడు మైకులు కూడ వచ్చినవి గనుక మన పాట పొలిమేర దాటి వినబడుచున్నది. అయినను నోరు గుడిలోను మనసు మరియొకచోటను ఉన్నదని యెషయా నాడు చేసిన ఫిర్యాదు, ప్రభువు పరిసయ్యుల యెదుట మరల ఎత్తిన ఫిర్యాదు, మనపై ఇంకను నిలిచియే యున్నది. ఒక్క కీర్తనను సాక్షిగా పిలిచి దీనిని విచారింతము.

‘త్రాహిమాం క్రీస్తు నాథ’ ఎరుగని సంఘము మనలో అరుదు. దానిని రచించిన పురుషోత్తమ చౌధరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించిరి. వారి పాటలు మన కీర్తనల పుస్తకమున రాగతాళములతో అచ్చు పడియున్నవి. రాగమును మనము బాగుగనే నిలుపుకొంటిమి. మాట సంగతి వేరు.

‘త్రాహి’ అనగా రక్షింపుము. ‘మాం’ అనగా నన్ను. ఇది స్తుతి కాదు, వర్ణన కాదు. నీళ్లలో మునుగువాడు గట్టున నున్నవానిని చూచి పెట్టు కేక. సముద్రముమీద నడువబోయి మునిగిన పేతురు ప్రార్థన ఎంత చిన్నదో ఎరుగుదుము గదా! చౌధరిగారి పాటయు అట్లే మొదలగును: ముందు కేక, వెంటనే ప్రభువు పేరు. పీఠిక లేదు. నేటి పాటలనేకములలో నేను పాడెదను, నేను స్తుతించెదనని మన పనిని మనమే చాటుకొందుము. వాటి ప్రక్కన ఈ పాట నుంచి చూడుడి. పాడువానికి ఇక్కడ చెప్పుకొనుటకు అక్కర తప్ప మరేమియు లేదు.

దోషము లేదా? ఉన్నది. ఆ మాట సంస్కృతము. బ్రాహ్మణ గృహమున పెరిగినవారి నోట సులువుగా వచ్చినది, నాగలి పట్టువానికి సులువుగా అందదు. ఇది చిన్న దోషమని నేననను. కాని ‘త్రాహి త్రాహి’ యను మొర హరికథలలోను పురాణములలోను మన పల్లెల చెవిని పడుచునే యుండెను. కవి ఆ మొరనే తీసికొని క్రీస్తు పాదములయొద్ద పెట్టెను. ఇంతకాలము పాడించుచు, దాని అర్థము ఇదియని సంఘమునకు చెప్పని మన తప్పే పెద్దది. పాటలో ఆత్మతోపాటు గ్రహింపును ఉండవలెనని పౌలు కొరింథువారికి వ్రాసినది ఇందుకే గదా.

రోమను కతోలిక సోదరుల సంగతి చూడుడి. అనేక శతాబ్దములు వారి పూజ లాటినులోనే జరిగెను. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధన విషయమైన తన శాసనమున ప్రజల భాషకు చోటిచ్చి, విశ్వాసులు తెలిసి పాల్గొనవలెనని కోరెను. రెండేండ్లకు, 1965లో, హైదరాబాదునకు తూర్పున ఉప్పలు వైపుననున్న రామంతాపూర్ సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ మొదలాయెను. గురువులు కాబోవు యువకులకు అక్కడ శిక్షణ ఇచ్చుచున్నారు. వారి పూర్వులు లాటిను పలికిన బలిపీఠమునొద్ద వీరు తెలుగు పలుకుదురు. వారికి అంత ఆలస్యముగా దొరకిన తెలుగు పాట మనకు చౌధరిగారి కాలమునుండియే యున్నది. ఉండి యేమి లాభము? మనము మన తెలుగునే లాటిను చేసికొంటిమి.

ఇతరులను అనుటకు నాకేమి హక్కు? చిన్నతనమున ‘త్రాహిమాం’ అనునది ప్రభువు పుట్టిన ఊరి పేరని తలంచి, బేత్లెహేమునకు అది మారుపేరు కాబోలునని గట్టిగా పాడెడివాడను. మా బడి పంతులుగారు క్రైస్తవులు కారు. ఒకనాడు పద్యమునకు అర్థము చెప్పుచు ఆ మాట రాగా, మొసలి నోట చిక్కిన ఏనుగు కేకవలె ఆయన దానిని పలికెను. తరగతి యంతయు నిశ్శబ్దమాయెను.

ఆ ఆదివారము గుడిలో ఆ కీర్తనయే ఎత్తిరి. అందరును ఎప్పటి వేగముననే సాగిరి. నాకు మొదటి మాట దగ్గరనే గొంతు పట్టుకొనెను. ప్రక్కననున్న మా అమ్మ, జ్వరమేమోనని నా నుదుట చేయి పెట్టి చూచినది.