మరలివచ్చు బలము

వ్యాయామశాలలో ఇనుప ప్లేట్లనెత్తుటకు అలవాటుపడిన యువకులు ఫ్లైవీల్ యంత్రమును తొలిసారి చూచినప్పుడు నన్నడుగు ప్రశ్న ప్రాయికముగా ఒక్కటే: "మాస్టారూ, ఇందులో బరువేదండీ?" ప్రశ్న సహేతుకమే. పాదములుంచుటకొక చదునైన వేదిక, దాని క్రింద ఇరుసునకు బిగించిన లోహచక్రము, ఆ యిరుసునకు చుట్టుకొనియున్న దృఢమైన పట్టీ, పట్టీ కొసను నడుమునకో భుజములకో తగిలించుకొనుటకొక హార్నెస్సు. ఇంతకుమించి అందు కనబడునదేమియు లేదు. మీదపడుటకు గుండు లేదు గనుక అపాయమును లేదని తలచి కొందరు ఉపేక్షతో దానిపైకెక్కుదురు. ఆ యుపేక్షను పోగొట్టవలెననియే ఈ వారము ఈ విషయమును చేపట్టితిని.

కుమ్మరి తన సారెను కర్రతో త్రిప్పి విడిచిన పిమ్మట, రెండు చేతులను మట్టిపైనుంచి తీరికగా కుండను మలచుచుండ, ఆ చక్రము తానార్జించిన వేగమును విడువక తిరుగుచునే యుండును; ఈ యంత్రమును అట్టిదే, కాని ఇందు ఆ వేగము త్రిప్పినవానిమీదికే మరలివచ్చును. బస్కీ తీయుచు పైకి లేచునప్పుడు పట్టీ విప్పుకొని చక్రమును త్రిప్పును. మనము లేచి నిలిచి, పట్టీ పూర్తిగా విప్పుకొన్న క్షణమునందును చక్రమాగక, అదే దిశలో తిరుగుచు పట్టీని ఎదురువైపునుండి చుట్టుకొని మనలను క్రిందికి లాగును. పైకి వెచ్చించిన శక్తియంతయు, ఘర్షణకు పోయిన కొంత మినహా, దిగునప్పుడు మన కండరములే సాగుచు నిరోధించి హరింపవలసియుండును. కండరము కుదించుకొనునప్పటికంటె సాగుచు నిరోధించునప్పుడు అధికబలమును భరింపగలదు. బార్బెల్‌తో ఎత్తినంత బరువే దించుదుము గనుక అచట ఆ సామర్థ్యము కొంత వినియోగపడకయే పోవును. ఇచట దిగు మార్గమంతటను గాక చివరి మూడవవంతులోనే చక్రమును అరికట్టితిమేని, అల్పదూరమున హరింపవలసివచ్చిన శక్తి ఎత్తునప్పటి బలమును మించిన బలమును కండరమునుండి రాబట్టును. ఈ సాధన యొక్క ప్రయోజనము ఆ చివరి మూడవవంతులోనే యున్నది; అపాయమును అచటనే యున్నది.

కండరశక్తిని చక్రముతో కొలుచుట నూతనము కాదు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును పంచుకొన్న ఆంగ్ల శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్, ఆ యేటనే ప్రకటించిన యొక వ్యాసములో, మోచేతి కండరముల పనిని బరువైన చక్రమును లాగించి కొలిచిన విధమును వివరించెను. పిదప స్టాక్‌హోమ్ నగరమునందలి కరోలిన్‌స్కా సంస్థకు చెందిన హాన్స్ బెర్గ్, పెర్ టెష్ అను పరిశోధకులు 1994లో ఈ సూత్రమునే వ్యోమగాముల యక్కరకు మలచిరి. కక్ష్యలో తేలియాడువాని తొడలును పిక్కలును పనిలేక క్షీణించును. అచట గుండు బరువును కోల్పోవును గాని, చక్రము జడత్వమును కోల్పోదు. 2008లో ఐరోపావారి కొలంబస్ ప్రయోగశాలతోపాటు ఇట్టి యంత్రమొకటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు చేరినది.

మరి బరువేది యను ప్రశ్నకు సమాధానము జడత్వ భ్రామకము. రెండు కిలోగ్రాముల బరువును ముప్పది సెంటీమీటర్ల వ్యాసమును గల సమమైన బిళ్ళకు అది 0.0225 కిలోగ్రామ్ మీటరు వర్గములు. అదే లోహమును పలుచనచేసి వ్యాసమును రెట్టింపు చేసితిమేని 0.09, అనగా నాలుగు రెట్లగును. కావున చక్రమును చేతితో ఎత్తి చూచి, తేలికగా నున్నదని నిర్ణయించుట పొరపాటు. అంతేకాక, ఒకే చక్రమును రెట్టింపు వేగముతో త్రిప్పినవానికి నాలుగింతల శక్తి యెదురగును. యంత్రము పసివానికి పసివానివలెను, మల్లునకు మల్లునివలెను బదులిచ్చుట ఇందువలననే. క్రొత్తవారికి నేను 0.025 ప్రాంతపు చక్రమునే బిగింతును. వారెంత బలవంతులైనను ఈ నియమమును సడలింపను.

అమరికలో అన్నిటికంటె ముఖ్యమైనది పట్టీ పొడవు. అభ్యాసకుడు హార్నెస్సు ధరించి వేదికపై నిటారుగా నిలువగా, పట్టీ సంపూర్ణముగా విప్పుకొని, బిగుసుకొనీ బిగుసుకొనక యుండవలెను. పొట్టియైనచో మోకాళ్ళింకను వంగియుండగనే పట్టీ ముగిసిపోయి చక్రము వెనుకకు లాగును. పొడవైనచో నిలిచిన తరువాతను చుట్లు మిగిలి, పట్టీ వదులై, మరల చుట్టుకొనునప్పుడు ఒక్కపెట్టున బిగుసుకొని నడుమును కుదుపును. ఒకరి తరువాత నొకరు యంత్రమెక్కునప్పుడు ఈ కొలతను మార్చుకొనక తప్పదు; అరనిముసము పట్టు ఈ పనిని ఉపేక్షించు వ్యాయామశాలను నేను మెచ్చను. పట్టీ మెలిపడకుండ చుట్టుకొనుచున్నదా, కుట్లవద్దను కొక్కెమువద్దను పోగులు లేచినవా, చక్రమును పట్టియుంచు మర గట్టిగా నున్నదా, నేల సమముగా నున్నదా యనునవి ప్రతిదినమును చూడవలసినవి. చున్నీ, విడిచిన జుట్టు, ముడివేయని బూటు తాళ్ళు చక్రము చెంతకు రారాదు. పిల్లలును రారాదు.

మొదటి రెండు మూడు మార్లు మెల్లగా లేచి చక్రమునకు వేగము చేకూర్చుటకే, వానిని లెక్కింపరాదు. పిదప ఆరు మొదలు ఎనిమిది వరకు పూర్ణబలముతో చేయవచ్చును. అయితే ఆలస్యముగా అరికట్టు విద్యను తొలిదినముననే నేర్పువారితో నేనేకీభవింపను. మొదటి వారములలో దిగుట మొదలైన తోడనే నిరోధింప నారంభించి, వెన్ను నిలకడ చెడక, మార్గమంతటను సమముగా హరించుటయే అలవడవలెను. ఆపునప్పుడును ఇంతియే: పైకి నెట్టు బలమును తగ్గించి, రెండు మూడు మందగతులలో చక్రము శక్తిని పీల్చివేసి, అది నిశ్చలమైన పిమ్మటనే కొక్కెమును విప్పవలెను. తిరుగుచున్న చక్రమును అరచేతితోగాని పాదముతోగాని ఆపబూనుట ఎన్నటికిని కూడదు.

ఇంత శ్రమకు ఫలమున్నదా యని సందేహించువారికి స్వీడన్ ఫుట్‌బాల్ ఆటగాండ్రపై 2003లో ప్రకటితమైన పరిశీలనను చెప్పుచుందును. తొడవెనుక కండరములకు పదివారములు ఈ విధమైన శిక్షణ పొందిన పదునైదుగురిలో ముగ్గురికి మాత్రమే ఆ కండరమునకు గాయము కాగా, అట్టి శిక్షణ పొందని పదునైదుగురిలో పదిమందికైనది. సంఖ్య చిన్నదే, అయినను నిరోధించుచు సాగు కండరమునకు గల విలువను అది స్పష్టపరచుచున్నది.

తొలి సాధన పిమ్మట రెండు మూడు దినములు తొడలు నొచ్చుట సహజము. ఆ నొప్పి తీరకమునుపే మరల యంత్రమెక్కనీయను. కీలు నొప్పియో పాత గాయమో యున్నవారిని ముందుగా ఫిజియోథెరపిస్టు కడకు పంపుదును. తక్కినవారికి వారమునకు రెండుమార్లు చాలును. దిగునప్పుడు మోకాళ్ళు లోనికి వాలక, చివరి పునరావృత్తిలోను వెన్ను నిలుకడగా నున్ననాడే రెండవ చక్రమును చేర్తును. చేర్చిన పిమ్మట లేచు వేగము మరీ మందగించెనేని, దానిని తీసివైచి ఇంకొక పక్షము చిన్నచక్రముతోనే చేయింతును.