అడ్డంగా జారే కారు, నిలువునా కాగే ఇంజిన్

డ్రిఫ్టింగ్‌లో కారు ముక్కు ఒకవైపు చూస్తుంటుంది, కారు మరోవైపు పోతుంటుంది. చూసేవాళ్ల కళ్లన్నీ వెనక టైర్ల పొగ మీదే. ఇంజిన్ అవస్థ ఎవరికి పడుతుంది! రెండో గేరులోనో మూడో గేరులోనో ఏడు వేల ఆర్‌పీఎం దగ్గర అరుస్తుంటుంది గానీ, ఆ వేగానికి తగ్గ ఎదురుగాలి దానికి అందదు. వచ్చే కాస్త గాలీ బంపర్‌ని ఏటవాలుగా రాసుకుంటూ పక్కకు జారిపోతుంది.

జపాన్‌లోని ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో, నిహోన్‌మత్సు కొండల మీద ఎబిసు సర్క్యూట్ ఉంది. డ్రిఫ్ట్ పిచ్చి ఉన్నవాళ్లకు అది తీర్థం లాంటిది. అక్కడ తిరిగే నిస్సాన్ సిల్వియాల బానెట్ ఎత్తి చూడాలి. 1999లో వచ్చిన ఎస్15 సిల్వియా స్పెక్-ఆర్‌లో ఉన్నది 1998 సీసీ ఎస్‌ఆర్20డీఈటీ టర్బో ఇంజిన్. కంపెనీ చెప్పిన శక్తి 250 పీఎస్. రోడ్డుకైతే దాని రేడియేటర్ చాలు. టర్బో ఒత్తిడి పెంచి ట్రాక్ మీదికి దింపితే చాలదు. పైగా టర్బో కుదించిన గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్ ముందు బిగిస్తారు, అది రేడియేటర్‌కి అడ్డం. తీసేద్దామంటే కుదరదు: 30 డిగ్రీల గాలిని మామూలు కంటే ఒక బార్ ఎక్కువ ఒత్తిడికి కుదిస్తే అది 120 డిగ్రీల దరిదాపుకు పోతుంది. అంత వేడి గాలి సిలిండర్లోకి వెళ్తే ఇంధనం అదుపు తప్పి పేలే నాకింగ్ మొదలవుతుంది.

కొత్తవాళ్లు మందమైన అల్యూమినియం రేడియేటర్ కొని పని అయిపోయిందనుకుంటారు. చేయి తిరిగిన మెకానిక్ ముందుగా చూసేది రేడియేటర్ చుట్టూ ఉన్న సందులు. బంపర్ నోట్లోంచి వచ్చిన గాలికి వేలెడు సందు దొరికినా చాలు, రేకుల మధ్య ఇరుక్కుంటూ పోయే కష్టం ఎందుకని పక్కనుంచి తప్పుకుంటుంది. అందుకే పలుచటి అల్యూమినియం రేకు కత్తిరించి, ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ పక్కల గోడలు కడతాడు. రేకు అంచు రేడియేటర్‌ని తాకేచోట స్పాంజి పట్టీ అంటిస్తాడు. ఆ పట్టీ ఎక్కడా తెగకుండా, మూలల్లో కూడా ఒత్తుకుని కూర్చుందంటే ఆ కారు చేసినవాడి మీద నాకు గురి కుదురుతుంది. దీనికయ్యే ఖర్చు కొత్త రేడియేటర్ ధర ముందు లెక్కలోకి రాదు.

ఫ్యాన్ విషయంలో వాదన ఎప్పటికీ తెగదు. సిల్వియాకు కంపెనీ ఇచ్చింది బెల్టుతో తిరిగే క్లచ్ ఫ్యాన్. బరువు తగ్గుతుందని చాలామంది దాన్ని పీకి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెడతారు. నా ఓటు పాతదానికే. కారు నెమ్మదిగా పోతూ ఇంజిన్ మాత్రం గట్టిగా తిరిగే ఆట ఇది; ఇంజిన్‌తోపాటే వేగం అందుకునే ఫ్యాన్ ఇంతకంటే ఎక్కడ పనికొస్తుంది? కాకపోతే దాని చుట్టూ ప్లాస్టిక్ ష్రౌడ్ ఉండి తీరాలి. లేకపోతే అది ఇంజిన్ గదిలోని వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది.

లోపలికొచ్చిన గాలి బయటికి పోవాలి కదా. బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి పైకి లేపే కుర్రాళ్లను చూస్తే నవ్వొస్తుంది. ముందు అద్దం మొదట్లో గాలి పోగుపడి ఒత్తిడి పెరుగుతుంది. కారు వేగం అందుకుంటే ఆ సందులోంచి గాలి లోపలికే వస్తుంది. తెలిసినవాళ్లు రేడియేటర్ వెనకాలే, బానెట్ ముందు సగంలో కోత కోస్తారు. అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి వేడి గాలి పైకి పోతుంది.

ఇక టర్బో. దాని గుండా పోయే పొగ 900 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్ ఆపగానే వాటర్ పంపూ ఆగుతుంది, టర్బోలో వేడి మాత్రం అలాగే ఉంటుంది. బేరింగ్ దగ్గర నిలిచిపోయిన ఆయిల్ మాడి నల్లటి పెంకు కడుతుంది. దీనికి విరుగుడు నీళ్ల గొట్టాలు బిగించే తీరులోనే ఉంది. నీళ్లు కింది రంధ్రంలోంచి వచ్చి పై రంధ్రంలోంచి పోయేలా టర్బో నడుమ భాగాన్ని ఇరవై డిగ్రీల దాకా వాల్చి బిగిస్తారు. పై గొట్టం ఎక్కడా కిందికి వంగకుండా ఎత్తుకే సాగాలి. అప్పుడు కాగిన నీళ్లు వాటంతటవే పైకెక్కి, చల్లటివి కిందినుంచి వస్తాయి. పంపు లేకుండానే ప్రవాహం నడుస్తుంది. ఆ గొట్టం వంపు చూసే పనివాడి చేతిని అంచనా వేయొచ్చు.

పెద్ద పోటీల కార్లలో రేడియేటర్ ఏకంగా డిక్కీలోకి వెళ్లిపోయింది. ముందు గుద్దుకున్నా అది పగలదు, వెనక చక్రాల మీద బరువూ పడుతుంది. కానీ నీళ్లు కారు పొడవునా వెళ్లి రావాలి. అంత దూరం గొట్టాల్లో ఎక్కడ మిట్ట ఉంటే అక్కడ గాలి బుడగ దాక్కుంటుంది, అది సిలిండర్ హెడ్‌లోకి చేరితే అక్కడ నీళ్లు ఉండవు. అందుకే ఆ కార్లలో అన్నిటికంటే ఎత్తున చిన్న ట్యాంకు పెట్టి, బుడగలన్నీ అందులోకే చేరేలా సన్నటి గొట్టాలు లాగుతారు. నీళ్లు నింపేటప్పుడు కారు ముక్కును జాకీతో లేపి, బుడగలు రావడం ఆగేదాకా మూత బిగించరు.