మడమ చెప్పిన నిజం

ఈ వారం ఒక మాట నాకు చాలా కోపం తెప్పించింది. మా పిన్నికి ఎడమ కాలు పట్టు తప్పింది, ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఎమ్మారై, నరాల పరీక్షలు అన్నీ అయ్యాక డాక్టరుగారు ఫైలు మూసేసి, "అన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. బయటికొచ్చాక పిన్ని అడిగింది: "ఏరా, నేను నటిస్తున్నాననా ఆయన ఉద్దేశం?"

డాక్టరు చేయి రోగి మీద పడాలని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. మళ్లీ రాయక తప్పదు. ఆ తర్వాత మేం వెళ్లిన రెండో డాక్టరుగారు పిన్నిని వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ మడమ కింద చెయ్యి పెట్టి "కిందికి నొక్కండి" అన్నారు. నొక్కలేకపోయింది. ఈసారి కుడికాలు పైకెత్తమని, దాన్ని చేత్తో అదిమిపట్టారు. అది లేవడానికి పెనుగులాడుతుంటే, ఇందాక మొరాయించిన ఎడమ మడమ తనంతట తానే ఆయన చేతిని బలంగా నొక్కింది! ఒక కాలు లేవాలంటే రెండోది దన్నివ్వాలి. శరీరం ఆ పని మనల్ని అడక్కుండానే చేసేస్తుంది.

దీన్ని హూవర్ పరీక్ష అంటారు. 1908 నాటిది. నటించేవాళ్లను పట్టుకోవడానికి దీన్ని వాడినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మంచి న్యూరాలజిస్టులు రోగికే చూపిస్తున్నారు: నరం తెగలేదు, బలం ఉంది, పనిగట్టుకుని కదపబోయినప్పుడే మెదడు ఆదేశం కాలికి సరిగా అందడం లేదు. ఫిజియోథెరపీ అక్కణ్నుంచే మొదలు.

అలాగని ప్రతి బాధనూ మనసు ఖాతాలో రాయకూడదు. కడుపులో పుండ్లకు టెన్షనే కారణమని దశాబ్దాలు నమ్మారు. 1984లో డాక్టర్ బ్యారీ మార్షల్ ఆ పుండ్లకు కారణమని తాను అనుమానించిన బ్యాక్టీరియాను తానే తాగి, కడుపు మంట తెచ్చుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మరోపక్క, 1990లో జపాన్ వైద్యులు వర్ణించిన టకోత్సుబో జబ్బు ఉంది. పెద్ద దుఃఖం తగిలాక గుండె ఎడమ గది కొస ఉబ్బిపోతుంది. అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం అడ్డు ఉండదు.

ఇంత ఆలోచించాక నా కోపం దిక్కు మార్చుకుంది. మెదడు వల్ల, మనసు వల్ల అనడంలో తప్పు లేదు. ఇంకా ముందే అనాలి. రిపోర్టులన్నీ ఖాళీగా వచ్చాక మిగిలిన జవాబుగా అనడమే తప్పు. ఇలాంటి బలహీనతను తేల్చడానికి పరీక్షలో కనిపించే గుర్తు కావాలని మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే గ్రంథం చెబుతోంది. మనసులో ఫలానా దిగులు ఉండి తీరాలన్న షరతును కూడా అది తీసేసింది.

మీ ఇంట్లో ఎవరికైనా టెన్షన్ అని చెబితే, "ఏ గుర్తు చూసి అంటున్నారండీ?" అని అడగండి. అడగడం అమర్యాద కాదు. ఆ గుర్తును చూపించగలిగిన డాక్టరే నయం చేసే దారి కూడా చూపిస్తారు.