దండచేయి, మోచేయి: తెలుగు శరీరశాస్త్ర పరిభాషపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

భుజసంధి నుండి ముంజేయి వరకు గల అవయవభాగాలకు తెలుగులో మూడు వరుసల పేర్లు వాడుకలో ఉన్నాయి. మొదటిది సంస్కృత కోశాలు, ఆయుర్వేద గ్రంథాలు ఇచ్చిన వరుస. రెండవది పాఠ్యపుస్తకాలు స్థిరపరచినది. మూడవది ప్రజల నోట ఉన్నది. ఈ మూడింటినీ ఎముకలు, కీలు, కండరాల వాస్తవ నిర్మాణంతో పోల్చి, ఏ పేరు ఏ తేడాను చెప్పగలుగుతున్నదో, ఏ తేడాను మరుగుపరుస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు భాగాలను వేరుచేసి చూపడమే శరీరశాస్త్ర పరిభాషకు మొదటి పరీక్ష అనేది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: పరిభాష, దండచేయి, మోచేయి, ప్రగండం, కూర్పరం, రత్ని, అరత్ని, సుశ్రుతసంహిత, అమరకోశం, మడతబందు కీలు.

1. ప్రవేశిక

శాస్త్రపరిభాషపై తెలుగులో జరిగిన చర్చ ఎక్కువగా సంస్కృతమా, అచ్చతెలుగా, ఆంగ్లమా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. పదం ఏ భాషది అన్న ప్రశ్నకు దక్కినంత శ్రద్ధ, ఆ పదం చేయవలసిన పని చేస్తున్నదా అన్న ప్రశ్నకు దక్కలేదు. శరీరశాస్త్రంలో పేరు చేయవలసిన పని స్పష్టమైనది. ఒక భాగాన్ని దాని ఇరుగుపొరుగు భాగాల నుండి అది వేరుచేయాలి.

ఈ పరీక్షకు చేతి పైభాగం, మోచేయి తగిన ఉదాహరణలు. ఇక్కడ ఎముకలు మూడే. కానీ వాటి చుట్టూ ఉన్న నరాలు, రక్తనాళాలు ఎముకకు ఎంత దగ్గరగా సాగుతాయంటే, దెబ్బ తగిలిన చోటు రెండు మూడు అంగుళాలు మారితే కలిగే వైకల్యం కూడా మారిపోతుంది. పేరులోని అస్పష్టత ఇక్కడ కేవలం భాషాదోషంగా మిగలదు.

2. కోశకారుల విభజన

అమరకోశం మనుష్యవర్గంలో ఈ భాగాలను స్పష్టంగా విభజించింది. మోచేతికి కఫోణి, కూర్పరం అన్నవి పేర్లు. దానికి పైభాగం ప్రగండం, కింది భాగం ప్రకోష్ఠం. చేయి మొత్తానికి భుజం, బాహువు. చేయి మొండెంతో కలిసే చోటుకు స్కంధం, అంసం, భుజశిరస్సు. అంటే మొత్తానికి ఒక పేరు, భాగాలకు వేర్వేరు పేర్లు ఉన్నాయి. ఒకటి మరొకదాని చోటులోకి జరగదు.

ఈ పొందిక తెలుగులోకి రాలేదు. ప్రగండం పండితుల నిఘంటువులలోనే మిగిలిపోయింది. సంస్కృతంలో చేయి మొత్తాన్ని చెప్పిన భుజం, తెలుగులో చేతి మొదలును మాత్రమే చెప్పే మాటగా మారింది. చతుర్భుజుడు అన్నప్పుడు నాలుగు చేతులు గలవాడని గ్రహించే తెలుగువాడే, భుజం తట్టాడు అన్నప్పుడు మెడ పక్కనున్న భాగాన్ని గ్రహిస్తాడు. భుజశిరస్సులోని శిరస్సు జారిపోయి భుజం మాత్రమే మిగిలినట్లయింది. ఈ అర్థసంకోచం భాషకు సహజం. దానిని గమనించకుండా పరిభాషను కూర్చడం దోషం.

బావుకోవలసిన సంపద వాడుకభాషలోనూ ఉంది. చేతి పైభాగాన్ని ప్రాంతాన్ని బట్టి దండ, రెట్ట, జబ్బ అంటారు. వీటిలో జబ్బ భుజంతో కలిసిపోయే మాట. దండ అన్నది మాత్రం ఒక నగ పేరులో భద్రంగా నిలిచింది. దండకడియం పెట్టుకొనే చోటు ఏదో ఎవరికీ అనుమానం ఉండదు. దానిని భుజం మీద గాని, ముంజేతికి గాని పెట్టుకోరు.

3. సుశ్రుతుని సామ్యపద్ధతి

సుశ్రుతసంహిత శారీరస్థానం ఎముకలను 300గా లెక్కించింది. ఒక్కొక్క కాలికి 30 చొప్పున లెక్కచెప్పి, తక్కిన కాలు, చేతులు కూడా అట్లే అని ముగించింది. ఆ 30లో వేళ్ళకు 15, పాదతలం, కూర్చం, గుల్ఫం కలిపి 10, మడమకు 1, పిక్కభాగానికి 2, మోకాలికి 1, తొడకు 1.

ఆధునిక శాస్త్రం ప్రకారం కూడా భుజసంధికి దిగువన ఒక్కొక్క చేతిలో ఉన్న ఎముకలు 30. దండచేతిలో 1, ముంజేతిలో 2, మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. మొత్తాలు సరిపోవడం చూసి ప్రాచీన జ్ఞానం ఆధునిక జ్ఞానంతో ఏకీభవించిందని చెప్పాలనిపిస్తుంది. ఆ నిర్ణయం తొందరపాటు అవుతుంది. బొటనవేలిలో రెండే ఎముకలు ఉండగా సుశ్రుతుని లెక్క ప్రతి వేలికీ మూడు ఇచ్చింది. మోకాలికి చిప్ప ఉన్నట్లే మోచేతికీ ఒక విడి ఎముక ఉండాలని ఆ లెక్క కోరుతుంది. మడమకు సాటి ఎముక చేతిలోనూ ఉండాలంటుంది. మొత్తం ఒకటే అయినా వివరాలు వేరు.

మోచేతి కొనగా మన వేలికి తగిలే భాగం ముంజేతి లోపలి ఎముక పైకొన మాత్రమే. పెద్దవారిలో అది విడి ఎముక కాదు. అయితే పిల్లలలో ఆ కొన సుమారు 9 ఏళ్ళ వయసులో వేరే ఎముక కేంద్రంగా మొదలై, కౌమారం ముగిసేలోగా అతుక్కుంటుంది. కాబట్టి ఈ లెక్కను కేవలం ఊహ అని కొట్టివేయడం కూడా న్యాయం కాదు. కాలికీ చేతికీ సామ్యాన్ని చూడడం సరైన దృష్టే. తెలుగు కూడా మోకాలు, మోచేయి అని ఒకే ఉపపదంతో ఆ సామ్యాన్ని చెప్పింది. పరిశీలన చేయవలసిన చోట సామ్యం దాని స్థానాన్ని ఆక్రమించడమే పొరపాటు.

మర్మాల విషయంలో సుశ్రుతుని పద్ధతి వేరు. 107 మర్మాలలో కూర్పరం ఒకటి. అది సంధిమర్మం, వైకల్యకరం. దానికి దెబ్బ తగిలితే చేయి వంకరపోతుందని ఫలితాన్ని చెప్పింది. దానికి మూడు అంగుళాలు పైన ఉన్న ఆణి అనే మర్మానికి వాపు, బిగుసుకుపోవడం ఫలితాలు. ఇక్కడ పేరు, చోటు, కొలత, ఫలితం నాలుగూ కలిసి ఉన్నాయి. లెక్కల జాబితా కంటే ఈ మర్మవర్ణనే నేటి పరిభాషకు ఆదర్శం కాదగినది.

4. ‘భుజాస్థి’: చోటు తప్పించే పేరు

పాఠ్యపుస్తకాలలో దండచేతి ఎముకకు స్థిరపడిన పేరు భుజాస్థి. సంస్కృతార్థంలో ఇందులో దోషం లేదు. కానీ చదివే విద్యార్థికి భుజం అంటే తెలుగు అర్థమే తెలుసు. భుజాస్థి అనగానే అతడు భుజంలో ఉన్న ఎముకను ఊహిస్తాడు. నిజానికి భుజాన్ని రూపొందించేవి జత్రుక, అంసఫలకం. ఈ ఎముక గుండ్రని తల మాత్రమే అక్కడ కలుస్తుంది. మిగిలిన పొడవంతా దండచేతిదే.

గణనాథ్ సేన్ 1913లో వెలువరించిన ప్రత్యక్షశారీరం ఈ ఎముకకు ప్రగండాస్థి అన్న పేరును వాడింది. కోశకారుని విభజనను ఆధునిక శాస్త్రానికి అన్వయించిన మంచి ఎంపిక అది. తెలుగు ఆ దారిన పోలేదు. పోనక్కరలేదు కూడా; దండ ఎముక అన్న మాట అదే పనిని ఇంకా తేలికగా చేస్తుంది.

5. రత్ని, అరత్ని: ఒక అక్షరం తేడా

ముంజేతిలో బొటనవేలి వైపున్న ఎముక రత్ని, చిటికెనవేలి వైపున్నది అరత్ని. ఒక్క అకారం తప్ప ఈ రెండు పేర్లకూ తేడా లేదు. పైగా తెలుగు విద్యార్థికి ఆ అకారం వ్యతిరేకార్థకంగా కనిపిస్తుంది. న్యాయం, అన్యాయం తెలిసినవాడు అరత్నిని రత్ని కానిదిగా అర్థం చేసుకుంటాడు. పరీక్షలో తారుమారు కావడానికి ఇంతకంటే అనువైన జంట దొరకదు.

ఈ పదాల చరిత్ర మాత్రం ఆసక్తికరం. రెండూ మొదట కొలతలు. మోచేతి నుండి మూసిన పిడికిలి వరకు ఉన్న పొడవు రత్ని అని, పిడికిలి మూసి చిటికెనవేలు చాచితే వచ్చే పొడవు అరత్ని అని అమరకోశం వివరించింది. తెలుగులో పూలమ్మే స్త్రీ చేతితో కొలిచే మూర ఈ కుటుంబంలోనిదే. కాకపోతే అది చాచిన నడిమివేలి కొన దాకా సాగుతుంది. లాటిన్‌లో అల్నా అన్న మాట కూడా మోచేతినీ, ఒక కొలతనూ చెప్పింది. అల్నా, అరత్ని ఒకే మూలం నుండి వచ్చినవని చూపిన భాషావేత్తలు ఉన్నారు. కాబట్టి అల్నాకు అరత్నిని ఎంచుకోవడం విద్వత్తు లేని పని కాదు. చిటికెనవేలు చాచిన కొలత పేరే చిటికెనవేలి వైపు ఎముకకు పెట్టడం జ్ఞాపకానికి కూడా పనికివస్తుంది.

అయితే ఆ ఆధారాన్ని పాఠ్యపుస్తకం విద్యార్థికి అందివ్వదు. వివరణ లేని వ్యుత్పత్తి పేరుకు బలం ఇవ్వలేదు. ఈ జంటను కొనసాగించదలచినవారు చిటికెనవేలి ముచ్చటను ఒక్క వాక్యంలో చేర్చినా సగం గందరగోళం తొలగిపోతుంది.

6. మడతబందు: సగం చెప్పిన ఉపమానం

కీళ్ళ పేర్లలో పాఠ్యపుస్తకాలు మంచి తెలుగును సాధించాయి. బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు అన్నవి చదవగానే బొమ్మ కట్టే పేర్లు. సుశ్రుతుడు కీళ్ళను 8 రకాలుగా విభజించి, భుజసంధిని రోలుతో పోల్చి ఉలూఖలమనీ, మోచేతిని కోరమనీ అన్నప్పుడు అనుసరించిన మార్గం కూడా ఇదే.

చిక్కు ఉదాహరణలో ఉంది. మోచేతిని మడతబందుకు ఉదాహరణగా చెప్పి వదిలివేయడం పరిపాటి. తలుపు బందు ఒకే అక్షం మీద కదులుతుంది. మోచేతిలో మాత్రం ఒకే సంచిలో మూడు కీళ్ళు ఉన్నాయి. దండ ఎముక, అరత్ని కలిసేది నిజంగా మడతబందు. దండ ఎముక, రత్ని కలిసేది రెండవది. రత్ని తల అరత్ని పక్కన, ఉంగరం వంటి స్నాయువులో తిరిగేది మూడవది. అది బొంగరపు కీలు. తాళంచెవి తిప్పడం, అరచేతిని వెల్లకిలా చేసి తీర్థం పుచ్చుకోవడం ఈ మూడవ కీలు లేనిదే సాధ్యం కావు.

కండరాల పాఠంలోనూ ఇదే లోపం ఉంది. ద్విశిర కండరం చేతిని ముడుస్తుంది, త్రిశిర కండరం చాపుతుంది అని చెప్పి ముగిస్తారు. ద్విశిర కండరం అతుక్కొనేది రత్నికి. అందువల్ల అది ముంజేతిని వెల్లకిలా తిప్పడంలో కూడా బలమైన కండరం. దాని అడుగున ఉండి, అరత్నికి అతుక్కొని, అరచేయి ఎటు తిరిగి ఉన్నా మోచేతిని ముడిచే ప్రధాన కండరమైన బ్రేకియాలిస్ ప్రస్తావన పాఠశాల స్థాయిలో సాధారణంగా రాదు. అన్నం ముద్దను నోటికి అందించే ఒక్క చర్యలో ముడవడం, తిప్పడం రెండూ ఉన్నాయి. ఆ ఒక్క ఉదాహరణతో మూడు కీళ్ళనూ, రెండు కండరాలనూ బోధించవచ్చు.

7. వైద్య సందర్భంలో పరిభాష

చేయి విరిగింది అన్న తెలుగు వాక్యం దండ ఎముక విరుగుళ్ళలో కనీసం నాలుగింటికి సమానంగా వర్తిస్తుంది. మెడభాగంలో విరిగితే భుజాన్ని కప్పే కండరానికి పోయే నరం ప్రమాదంలో పడుతుంది. నడుమ విరిగితే ఎముక వెనుకనుండి మెలిదిరిగి వెళ్ళే రేడియల్ నరం దెబ్బతిని మణికట్టు వాలిపోవచ్చు. మోచేతికి కొంచెం పైన విరిగితే ముందువైపున్న ప్రధాన ధమనికి, మీడియన్ నరానికి ముప్పు. లోపలి కణుపు విరిగితే దాని వెనుక చర్మం కిందే ఉన్న అల్నార్ నరానికి గాయం కావచ్చు. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెనవేలి దాకా జివ్వుమనడం అందరికీ తెలిసిన అనుభవం. అది ఈ నరమే.

వీటిలో మూడవది పిల్లలలో, ముఖ్యంగా 5 నుండి 7 ఏళ్ళ వయసులో, తరచుగా జరుగుతుంది. ఈ విరుగుడు తరువాత వాపు వల్ల గాని, బిగుతు కట్టు వల్ల గాని రక్తప్రసారం తగ్గితే ముంజేతి కండరాలు చచ్చుబడి వేళ్ళు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. రిచర్డ్ ఫాన్ వోక్‌మన్ 1881లో వర్ణించిన వైకల్యం ఇదే. నాటు కట్టుకైనా, ఆసుపత్రి పిండికట్టుకైనా ఈ హెచ్చరిక సమానంగా వర్తిస్తుంది. వేళ్ళు చాపినప్పుడు నొప్పి ఎక్కువ కావడం, తిమ్మిరి, వేళ్ళు పాలిపోవడం కనిపిస్తే వెంటనే వైద్యుని చూడాలి. ఈ జాగ్రత్తను తల్లిదండ్రులకు వారి భాషలో రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు, భుజాస్థి అధోభాగ భగ్నం అన్న మాటకూ, మోచేతికి పైన దండ ఎముక విరిగింది అన్న మాటకూ ఉన్న అంతరం తెలుస్తుంది. మొదటిది చదివినవారు భుజాన్ని చూస్తారు. రెండవది చదివినవారు మోచేతిని చూస్తారు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. చేతి పైభాగం, మోచేయి, ముంజేయి అన్న స్పష్టమైన త్రివిభజన అమరకోశంలో ఉంది. తెలుగులో భుజం అర్థం సంకోచించడంతో పైభాగానికి నిలకడైన పేరు లోపించింది. దండచేయి, దండ ఎముక ఆ లోటును పూరించగలవు. భుజాన్ని చేతి మొదలుకే పరిమితం చేయడం మేలు.

2. ముంజేయి అన్న మాటకు నిర్వచనం అవసరం. ముంజేతి కంకణానికి అద్దం ఎందుకు అన్న సామెతలో అది మణికట్టు. శాస్త్రంలో మోచేతికీ మణికట్టుకూ నడుమ భాగానికి దానిని ఉంచి, మణికట్టును వేరుగా వాడాలి.

3. రత్ని, అరత్ని శాస్త్రగ్రంథాలలో నిలిచినా, ప్రజల కోసం రాసే చోట బొటనవేలి వైపు ఎముక, చిటికెనవేలి వైపు ఎముక అనడం నిర్దుష్టం. చేయి ఎటు తిప్పినా ఈ గుర్తులు మారవు.

4. మోచేతిని మడతబందుతో పాటు బొంగరపు కీలుకు కూడా ఉదాహరణగా చూపాలి.

5. కట్లు కట్టే సంప్రదాయ వైద్యుల నోట ఈ భాగాలకు ఉన్న పేర్లను ప్రాంతాలవారీగా సేకరించడం తదుపరి పరిశోధనకు తగిన విషయం. ఎముక విరిగిన చోటును వేలితో తడిమి గుర్తించి చెప్పవలసిన వారి మాటలలో, పుస్తకాలకు ఎక్కని తేడాలు భద్రంగా ఉండే అవకాశం ఉంది.