నయాపూల్ మీద చికానా స్త్రీవాదం: దక్కనీ కవయిత్రి – తెలుగు విమర్శ

మూసీకి ఉత్తరాన అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి. దక్షిణాన హైకోర్టు, మదీనా కూడలి. ఈ రెండు ఒడ్లనూ కలిపేది నయాపూల్. ఈ వంతెనను తెలుగు స్త్రీవాద విమర్శ ఎంతవరకు దాటిందో పరిశీలించడానికి చికానా స్త్రీవాదం ఉపకరిస్తుంది.

చెర్రీ మొరాగా, గ్లోరియా అంజల్దూవాల సంపాదకత్వంలో 1981లో వెలువడిన 'దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్' సంకలనానికి వంతెనగా మారిన స్త్రీ వీపే ప్రతీక. శ్వేతజాతి స్త్రీవాదులకూ, సొంత సమాజంలోని పురుషులకూ తమను తాము నిరంతరం వివరించుకోవలసి రావడంలోని అలసట అందులో ఉంది. దేహం, నేల, లైంగిక కాంక్షల నుంచే సిద్ధాంతం పుడుతుందని మొరాగా ప్రతిపాదించారు. 1987 నాటి 'బోర్డర్‌లాండ్స్'లో అంజల్దూవా అదే తర్కాన్ని భాషకు వర్తింపజేశారు. స్పానిష్ పండితులు అపభ్రంశమన్న చికానో పలుకుబడిని ఇంగ్లీషు వాక్యాల నడుమ అనేకచోట్ల అనువాదం లేకుండానే నిలిపారు.

పాతబస్తీలో ఆ స్థానం దక్కనీది. ఢిల్లీ, లక్నో ఉర్దూ ముందు అది మోటు. తెలుగు ప్రేక్షకులకు తరచు సినిమా హాస్యపు యాస. ఆ నుడికారంలో జమీలా నిషాత్ ముస్లిం స్త్రీ జీవితాన్ని కవిత్వం చేశారు. 'షాహీన్' సంస్థ ద్వారా పాతబస్తీ స్త్రీల మధ్య పనిచేశారు.

అయితే పోలికను యథాతథంగా అంగీకరించలేం. 1848 ఒప్పందంతో మెక్సికన్లు సొంత నేల మీదే పరాయివారయ్యారు. హైదరాబాదు కథ అంత సరళం కాదు. నిజాం కాలంలో ఉర్దూ రాజభాష. తెలుగు చిన్నచూపుకు గురైంది. ఆంధ్రోద్యమానికి ఆ అవమానమూ ఒక మూలం. 1948 తర్వాత ఆ అధికారం పోయింది, జ్ఞాపకం మిగిలింది. పాతబస్తీ గల్లీలోని పేద స్త్రీకి దర్బారు ఏనాడూ దక్కలేదు. దర్బారు భాష తాలూకు నింద మాత్రం ఆమెకూ అంటింది. అంజల్దూవా చట్రంలో ఈ చిక్కుకు చోటు లేదు. తెలుగు విమర్శ స్వయంగా సిద్ధాంతీకరించవలసినది ఇక్కడే.

ముస్లింవాద చర్చ ప్రధానంగా తెలుగులో రాసినవారి చుట్టూనే తిరిగింది. షాజహానా 'నఖాబ్' మత పితృస్వామ్యాన్నీ, హిందూ స్త్రీ అనుభవాన్నే సార్వత్రికమనుకున్న స్త్రీవాదాన్నీ ఏకకాలంలో నిలదీయగలిగింది. తెలుగులో ఉండటం వల్లనే ఆ ప్రశ్న ఇక్కడి పాఠకులకు నేరుగా తగిలింది. నిషాత్‌ను మాత్రం చాలామంది తెలుగు పరిశోధకులు సూజీ తారు, కె. లలితల 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' వంటి ఇంగ్లీషు సంకలనాల మీదుగా చేరుకోవాలి. అఫ్జల్‌గంజ్ నుంచి మదీనాకు నడిచి వెళ్లగలిగిన దూరానికి ఇంత చుట్టుదారి.