హిమేజీ కోటకు సున్నం పూసే చేతులు

హిమేజీ రైల్వే స్టేషన్ దాటి ఉత్తరంగా తిన్నగా నడిస్తే, వీధి చివర చిన్న కొండమీద తెల్లటి కోట కనబడుతుంది. జపాన్‌వాళ్లు దాన్ని తెల్లకొంగ కోట అని ముద్దుగా పిలుచుకుంటారు. దూరం నుంచి చూస్తే అంతా రాతికట్టడమే అనిపిస్తుంది. కానీ రాయి ఉన్నది అడుగున గోడలకే. పైకి లేచిన సౌధమంతా కలప, మట్టి, సున్నం.

కొండమీద తొలి కోట 1333 నాటిది. తర్వాత సేనాని హిదెయోషి మూడంతస్తుల సౌధం కట్టించాడు. 1600లో సెకిగహారా యుద్ధం గెలిచిన తొకుగవా ఇయెయాసు ఈ చోటును అల్లుడు ఇకెదా తెరుమాసా చేతిలో పెట్టాడు. ఇప్పుడు మనం చూసే ప్రధాన సౌధాన్ని ఆ అల్లుడే 1609 నాటికి పూర్తి చేయించాడు.

తుపాకులు వచ్చేసిన కాలమది. కర్రకోటకు అన్నిటికన్నా పెద్ద శత్రువు నిప్పు. అందుకే గోడలే కాదు, చూరు కింది వాసాలు కూడా బయటికి కనబడకుండా మందంగా సున్నం మెత్తారు. ఆ సున్నంలో జనపనార కలుపుతారు, పగుళ్లు పట్టకుండా. సముద్రపు నాచును ఉడికించి తీసిన జిగురూ పోస్తారు. డంగుసున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన మన తాపీమేస్త్రులకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. పైకప్పు పెంకుల అతుకుల మీదా ఇదే సున్నం గట్టుకట్టినట్టు దిద్దుతారు. గాలివానకు పెంకు కదలదు. కప్పు కూడా తెల్లగా కనబడేది అందువల్లే. అందం కోసం పూసిన తెలుపు కాదది, కాపు కోసం పూసింది.

లోపలికి వెళ్లే దారి మలుపులు తిరుగుతుంది. సౌధం ఎదురుగానే ఉన్నా దారి మనల్ని పక్కకు లాక్కుపోతుంది. రెండు వైపులా గోడల్లో గుండ్రంగా, త్రికోణంగా, చతురస్రంగా తుపాకీ కంతలు, నిలువుగా బాణాల కంతలు. ఇంత చేసినా కోటను ముట్టడించిన వాళ్లు లేరు. 1945 జులైలో బాంబులకు ఊరు కాలిపోయింది. సౌధం మీద పడిన బాంబు మాత్రం పేలలేదు.

చెప్పులు విడిచి లోపలికి వెళ్తే, నేలమాళిగ నుంచి పై అంతస్తుదాకా నిలిచిన రెండు మహాస్తంభాలు కనబడతాయి. తూర్పుది, పడమటిది. ఒక్కోటి ఇరవై నాలుగు మీటర్ల పైచిలుకు. 1956–64 మధ్య సౌధాన్ని కర్రకు కర్ర విప్పి మళ్లీ నిలబెట్టినప్పుడు, పుచ్చిపోయిన పడమటి స్తంభాన్ని మార్చాల్సి వచ్చింది. కిసో అడవి నుంచి తెచ్చిన హినోకి మాను దారిలో విరిగింది. స్థానికంగా దొరికిన మరో మానును పైన అతికి, మూడో అంతస్తు దగ్గర కలిపారు. నాకు ఈ అతుకు దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపించింది. విరిగిన మానుతో పని ఆగిపోకుండా చూసిన వడ్రంగుల నేర్పు అక్కడ కంటికి కనబడుతుంది.

2009లో మళ్లీ మరమ్మతులు మొదలై 2015లో కోట తెరుచుకుంది. ఆ మధ్యకాలంలో సౌధం చుట్టూ తాత్కాలిక కప్పుకట్టి, జనాన్ని పైకి తీసుకెళ్లి, పెంకులు పేర్చేవాళ్లను, సున్నం దిద్దేవాళ్లను దగ్గరగా చూడనిచ్చారు. ఎంత మంచి ఆలోచన! తేమకు, బూజుకు సున్నం నల్లబడుతుంది. పెంకుల అతుకుల మీద అది అప్పుడే మొదలైంది. కొన్ని దశాబ్దాలకు మళ్లీ ఎవరో కొందరు నాచు ఉడికించి, తాపీ పట్టుకుని ఆ కప్పు ఎక్కాలి.