అడగనివాళ్ల చరిత్ర

తెలంగాణ సాయుధ పోరాటం 1946లో రాజుకుని, 1951 అక్టోబరులో విరమణతో ముగిసింది. నాయకుల పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి. పుచ్చలపల్లి సుందరయ్య గారి బృహద్గ్రంథం వెలువడేసరికి 1972. ఊళ్లు, దళాలు, గడీలు, పంచిన భూములు, నేలకొరిగినవాళ్ల పేర్లు అన్నీ అందులో ఉన్నాయి. స్త్రీల తెగువను మెచ్చుకున్న పేజీలూ ఉన్నాయి. దళానికి అన్నం వండిందెవరు, అడవిలో నెలలు నిండిన మనిషి ఏమైంది, పోరాటం ఆగాక ఆమె ఏ ఇంటికి తిరిగివెళ్లింది అన్న సంగతులు మాత్రం అప్పటి రచనల్లో ప్రధాన ప్రశ్నలుగా కనిపించవు. ఎవరో కావాలని దాచారని నేననుకోను. ఆ తరం వెతికింది వేరు: భూమి ఎవరిది, రాజ్యం ఎవరి చేతిలో ఉంది, పార్టీ పంథా సరైనదేనా?

1986లో హైదరాబాదు నుంచి స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకాన్ని అచ్చువేసింది. పోరాటం అదే. చెబుతున్నవాళ్లు చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, ప్రియంవద వంటి స్త్రీలు. పోరాటం ముగిశాక దశాబ్దాల పాటు వాళ్లంతా మన మధ్యే బతికారు. కొత్తగా ఏ పాత కాగితమూ దొరకలేదు. కొత్తగా పుట్టింది ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్న గ్రంథాలయంలో పుట్టలేదు. 1978లో హైదరాబాదులో పోలీసుల చేతుల్లో రమీజాబీ అత్యాచారానికి గురైంది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు అట్టుడికింది. అదే ఏడాది, పోలీసు ఠాణాలో అత్యాచారానికి సంబంధించిన మథుర కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. వాటి మీద లేచిన స్త్రీల ఉద్యమం, ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది కూడా రాజకీయమేనని గట్టిగా చెప్పింది. ఆ పుస్తకం తెచ్చిన కె. లలిత, వసంత కన్నబిరాన్, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న, రమా మేల్కోటే ఆ వాతావరణంలోంచే టేపురికార్డరు పట్టుకుని వెళ్లారు. తమ కాలపు విలువ వాళ్ల చేత ఆ తలుపులు తట్టించింది.

చరిత్రకారుడికి ఏ అభిప్రాయమూ ఉండకూడదనే మాట మన కాలేజీ పాఠాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని నేను ఒప్పుకోను. ఇంగ్లీషు చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1956లో కమ్యూనిస్టు పార్టీని వదిలిపెట్టాడు. యార్క్‌షైర్‌లో శ్రామికులకు సాయంత్రం పాఠాలు చెప్పాడు. 1963లో ఇంగ్లీషు కార్మికవర్గం రూపుదిద్దుకున్న తీరును రాశాడు. ప్రభుత్వ గూఢచారుల నివేదికలు, యజమానులకు వచ్చిన బెదిరింపు ఉత్తరాలు, చేనేతవాళ్ల పాటలు ఆయనకు ఆధారాలు. ఓడిపోయిన మనుషుల పట్ల గౌరవం లేనివాడికి ఆ కాగితాలు చెత్తగానే కనిపించేవి.

ఈ మార్గంలో మన దేశంలో బాగా దూరం వెళ్లినవాడు రణజిత్ గుహ. రైతులకు తమ రాత లేదు. వాళ్ల తిరుగుబాట్ల గురించి మిగిలినవి కలెక్టర్ల ఉత్తరాలు, పోలీసు రిపోర్టులు. వాటిని తిరగేసి చదవాలన్నాడాయన. అధికారి ‘మతోన్మాది’ అన్నచోట ఎవరున్నారు, ‘దారుణం’ అన్నచోట ఎవరికి ఊరట కలిగింది అని ఒక్కో మాట దగ్గరా ఆగి చూడటమే ఆ పద్ధతి. ఓపిక కావాలి. పదజాలం మీద పట్టు కావాలి. చదువుతున్న కాగితం ఎవరి భయంలోంచి రాసిందో మరచిపోకూడదు.

అయితే 1983లో రైతు తిరుగుబాట్ల మీద వచ్చిన ఆయన గ్రంథంలో స్త్రీలకు దక్కిన చోటు స్వల్పం. విమర్శ వచ్చింది. 1987లో ఆయన రాసిన ‘చంద్ర మరణం’ వ్యాసంలో చూపు మారింది. 1849లో బెంగాల్‌లోని బీర్భూమ్ ప్రాంతంలో చంద్ర అనే బాగ్దీ కులపు స్త్రీ గర్భవతి అయింది. కారకుడు మగారామ్, బంధువే. గర్భం తీయించు, లేదంటే చంద్రను వైష్ణవుల అఖాడాకు (మఠానికి) పంపేస్తాను అని అతను ఆమె తల్లి భగవతితో అన్నాడు. తల్లి మందు సంపాదించింది. తోబుట్టువు బృంద తన చేత్తో ఆ మందు చంద్రకిచ్చింది. చంద్ర చనిపోయింది. మనకు మిగిలింది కొన్ని వాంగ్మూలాల ముక్క. న్యాయస్థానానికి కావలసింది నేరస్థుడు. అందుకని తోబుట్టువు దుఃఖం కూడా అక్కడ నేరాంగీకారంగానే నమోదైంది.

గుహ ఆ కాగితాన్ని నేరం నుంచి విడదీసి చదివాడు. ఆ పేద కుటుంబంలో చుట్టరికాలు ఎలా అల్లుకున్నాయి, పరువు భారం ఎవరి మీద పడింది, ఆడవాళ్లు ఒకచోట ఎందుకు చేరారు అని అడిగాడు. అఖాడాకు వెళ్లగొట్టడమంటే బతికుండగానే బిడ్డను పోగొట్టుకోవడం. ఆ దారి వద్దనుకుని, ప్రమాదమని తెలిసీ మందు వైపు మొగ్గిన ఆడవాళ్ల మధ్య ఒక ఆప్యాయత ఉందని ఆయన వాదం. అంత చిన్న వాంగ్మూలం అంత బరువు మోయగలదా అన్న సందేహం నాకుంది. అయినా కోర్టు హంతకురాలిగా చూసిన మనిషిలో ఒక తోబుట్టువును చూడగలగడం స్త్రీవాదం నేర్పిన చూపు. అది లేకపోతే బృంద ముద్దాయిగానే ఉండిపోయేది.

సిద్ధాంతం కళ్లు తెరిపించినట్టే కళ్లు కప్పుతుంది కూడా. 1855 సంతాల్ తిరుగుబాటు నాయకులు సిద్ధూ, కాన్హూ తమను కదిలించింది ఠాకూర్ అని, దేవుడి ఆజ్ఞ అని చెప్పారు. అధికారులు దాన్ని మూఢత్వమన్నారు. వామపక్ష చరిత్రకారులు వడ్డీ వ్యాపారుల దోపిడీని చెప్పి, ఠాకూర్ మాటను పక్కకు జరిపారు. సానుభూతితోనే ఆ పని చేశారు, కానీ తిరగబడినవాడు తన తిరుగుబాటు గురించి ఇచ్చుకున్న సంజాయిషీని తీసేశారు. ఇది చిన్న తప్పు కాదు.

నోటి మాటతో పని చేసేవాళ్లకు ఇంకో చిక్కు. జ్ఞాపకం పొరబడుతుంది. ఇటలీలో తెర్నీ అనే ఉక్కు పరిశ్రమల పట్టణంలో 1949 మార్చి 17న, నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో లుయీజీ త్రాస్తుల్లి అనే యువ కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి తర్వాత ఆ ఊరి వాళ్లను కలిస్తే, చాలామంది ఆ చావును 1953లో సామూహికంగా ఉద్యోగాలు పోయినప్పటి గొడవల్లో జరిగినట్టు చెప్పారు. పోర్తెల్లి ఆ సాక్ష్యాన్ని పారేయలేదు. ఆ చావుకు తగిన కారణం, తమ ఉపాధి పోయినప్పటి అవమానానికి తగిన జవాబు ఆ కార్మికులు ఎలా కూర్చుకున్నారో ఆ పొరపాటులోనే ఆయనకు కనిపించింది. అసలు తేదీ ఆయన చేతిలో ఉంది గనకే ఇది సాధ్యమైంది. కాగితంతో సరిచూడని మౌఖిక చరిత్ర అభిమానంగానే మిగులుతుంది.

మళ్లీ తెలంగాణ స్త్రీల దగ్గరికి వస్తే, అడవిలో దళంతో తిరిగిన కమలమ్మ కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. పసిబిడ్డ ఏడిస్తే దళం మొత్తానికి ముప్పు. ఈ కడుపుకోతను చెప్పే పుస్తకమే చదువు నేర్చిన సంబరాన్నీ, పదిమందిలో నిలబడి మాట్లాడిన ధైర్యాన్నీ, ఆడామగా కలిసి నడిచిన రోజుల వెలుగునూ చెబుతుంది. విరమణ తర్వాత ఇంటికి పోయి సంసారం చూసుకోమన్నప్పటి బాధనూ చెబుతుంది. స్త్రీని బాధితురాలిగానే చూసే సిద్ధాంతానికి గానీ, వీరవనితగానే చూపే పార్టీ అభిమానానికి గానీ ఈ కథనాలు లొంగవు. సంపాదకులు వాటిని తమ వాదానికి తగ్గట్టు కత్తిరించకుండా, ‘నేను’ అని చెప్పుకున్న కథలుగానే ఉంచారు. ఈ పుస్తకాన్ని నేను ఎక్కువగా గౌరవించేది అందుకే. విలువ మనల్ని సాక్షి దగ్గరికి తీసుకెళ్లాలి, అక్కడికి వెళ్లాక సాక్షికి మన మాట కాదనే హక్కుండాలి.

ఈ రోజు మనం అడగనివాళ్లు ఎవరు? నిజామాబాదు, సిరిసిల్ల ఇళ్లలో బీడీలు చుట్టిన ఆడవాళ్లు, గల్ఫ్‌లో ఏళ్లు గడిపి వచ్చిన కూలీలు, వాళ్లకోసం ఇక్కడ ఎదురుచూసిన భార్యలు. వాళ్ల వయసు ఆగదు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటివారుంటే ఫోనులో రికార్డు చేయండి. ఊరు, తేదీ రాసిపెట్టుకోండి. పాత పాస్‌పోర్టులు, కూలి పుస్తకాలు ఉంటే ఫొటో తీసి పక్కన పెట్టండి. మీరు అడిగిన ప్రశ్నలను మాత్రం రికార్డింగులోంచి తీసేయకండి. వాళ్లు ఏమన్నారో తెలియాలంటే మీరేం అడిగారో కూడా రేపటి చదువరికి వినిపించాలి.